మూతకు కట్టిన గుడ్డ

క్వారీలో ఎదురుపడితే ఆయన్ని మేస్త్రీ అనేవాళ్ళు, వీపు తిరిగాక సమ్మెట అనేవాళ్ళు. రెండో పేరే నిలిచిపోయింది. చేతుల్ని చూసి పెట్టిన పేరది. మాటకన్నా చెయ్యి ముందు లేచే మనిషి. తప్పు చేసినవాడు సంజాయిషీకి నోరు తెరిచేలోపలే చెంప పేలిపోయేది. తప్పు వాడిది కాదని తర్వాత తేలితే, "సరేలే, వచ్చేసారికి జమ" అనేవాడు.

ఎడమ చెవి వినపడదు. పని నేర్పిన గురువు స్పానరుతో పాఠం చెప్పే రకం. ఒకనాడు ఆ పాఠం చెవి మీద పడింది. అందుకు సమ్మెటకి గురువు మీద కోపం లేదు. "ఒక చెవి పుచ్చుకున్నాడు, రెండో చెవికి ఇంజను భాష నేర్పాడు" అనేవాడు, అదేదో తనకే లాభమైన బేరంలా. ఆ గురువు నేర్పిన నీతి ఒక్కటే: మిషన్ని కొట్టకూడదు. నట్టు బిగుసుకుపోతే కిరసనాయిలు పొయ్యి, వేడి పెట్టు, చల్లార్చు, బతిమాలు. కొట్టావంటే చేతులు విరిచేస్తా. మనుషుల విషయం గురువు ఏమీ చెప్పలేదు, సమ్మెట అడగనూ లేదు.

భార్య బతికున్నన్నాళ్ళూ ఆమె మీద చెయ్యి చేసుకోలేదని ఆయనకి గర్వంగా ఉండేది. నిజమే, చేసుకోలేదు. కంచాలు మాత్రం గోడకేసి కొట్టేవాడు. షెడ్డు వెనక ఆ రెండు గదుల క్వార్టరులో, వంటింటి గోడ సున్నం మీద ఆ అర్ధచంద్రాకారపు గాట్లు ఆమె పోయిన తర్వాత కూడా అలాగే ఉన్నాయి. వాటి కిందే కూర్చుని కూతురు పెరిగింది.

క్వారీకి ఆయన పెట్టిన అలవాటు ఒకటుంది. రాతి దుమ్ముకి కనికరం లేదు. ఇంజను సిలిండర్లోకి దూరితే ఆకురాయిలా అరగదీస్తుంది, ఊపిరితిత్తుల్లోకి దూరితే మనిషిని అరగదీస్తుంది. ఆయన చేరిన కొత్తలో ఇంజన్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, పాత దుప్పట్లు చింపి కనిపించిన ప్రతి సందుకీ గుడ్డ కట్టించాడు. కంప్రెసరు మూతికి, డీజిలు ట్యాంకు మూతకి, నూనె డబ్బాకి, నీళ్ళ డ్రమ్ముకి, మనుషుల ముక్కూ నోటికీ. కట్టనివాడికి దెబ్బ. పదిమందికీ అదే చేతివాటమై, చివరికి కొత్త పార కనిపించినా ఎక్కడ గుడ్డ కట్టాలా అని చూసేవాళ్ళు. కంప్రెసరు నడిపే పీపా, పొట్ట చూసి పెట్టిన పేరు, ఒకసారి అననే అన్నాడు.

"ముందు పక్క కట్టావు మేస్త్రీ, బాగానే ఉంది. వెనక పక్క సంగతి చూడవేం? నిన్నట్నుంచి అటునుంచి గాలి ఆగట్లేదు."

అందరూ నవ్వారు. సమ్మెట కూడా నవ్వాడు. నవ్వి, వీపు మీద ఒక్కటేశాడు. పీపా ఆ పూట వంగలేదు.

కూతురు లారీల కాటా దగ్గర పని చేసేది. రాళ్ళు పేల్చే ముందు సైరన్ మోగించడం కూడా ఆమె పనే. ఆ పేల్చేవాణ్ణే ఇష్టపడి చేసుకుంది. సన్నగా, చురుగ్గా, ఎక్కడ గీసుకున్నా మండే రకం. రాతికి వేసిన రంధ్రాల్లో మందు దట్టించి, వత్తి ముట్టించి, పరిగెత్తుకొచ్చి గోడ చాటుకి చేరడం వాడి బతుకు. అందరూ అగ్గిపెట్టె అనేవాళ్ళు. పెళ్ళప్పుడు సమ్మెట అడ్డు చెప్పలేదు. పని తెలిసినవాడని మెచ్చుకున్నాడు కూడా.

మొదటిసారి ఆమె పెదవి వాచి వచ్చింది. తలుపు తగిలిందంది. దెబ్బల విషయంలో సమ్మెట పండితుడు. తలుపు అలా కొట్టదు. అన్నం మధ్యలో లేచి వెళ్ళి, నీళ్ళ డ్రమ్ము దగ్గర అందరూ చూస్తుండగా అల్లుడి ముందుపన్ను రాలగొట్టాడు. కొన్నాళ్ళకి ఆమె మోచెయ్యి నల్లబడి వచ్చింది. ఆయన వెళ్ళి పక్కటెముక విరగ్గొట్టి వచ్చాడు. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె సంచీ భుజాన వేసుకుని పుట్టింటికి వచ్చేసి, ఏమీ చెప్పకుండా పొయ్యి వెలిగించింది. సమ్మెట క్వారీ నడిబొడ్డున నిలబడి అరిచాడు.

"మళ్ళీ నా కూతురి జోలికొచ్చావంటే నిన్నా రాళ్ళ కిందే పూడుస్తా. వెతుక్కోవడానికి ముక్క కూడా దొరకదు!"

ఆ మాట కాటా దగ్గరి లారీ డ్రైవర్లు విన్నారు, కంప్రెసరు దగ్గర పీపా విన్నాడు, మేడ మీద కిటికీలోంచి మేనేజరు విన్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది కొత్త బండి.

కింద రాయి అయిపోయి, పని కొండ పైమెట్టుకి పాకింది. అక్కణ్ణించి గోడ చాటుకి కాలినడకన చేరడం చాలా సేపు. దారంతా జారే కంకర. జీపు ఎక్కదు, మోటారు సైకిలు నిలవదు. అందుకని మేనేజరు ఈ బండి కొనిపించాడు. నాలుగు లావుపాటి చక్రాలు, గుర్రానికి వేసినట్టు ఒక పొడుగాటి సీటు, మోటారు సైకిలు లాంటి హ్యాండిలు, ముందూ వెనకా సామాను పెట్టుకొనే ఇనప కమ్మీల క్యారియరు. రాళ్ళని, గుంటల్ని లెక్కచెయ్యకుండా పొగరుగా ఎక్కిపోయేది. ఆంబోతు అని పేరు పెట్టారు. నడపవలసింది అగ్గిపెట్టె, చూసుకోవలసింది సమ్మెట. ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"ఒరేయ్ పీపా," అన్నాడు సమ్మెట, అల్లుడు రెండడుగుల దూరంలో నిలబడి ఉండగా, "ఆ గాడిదకి చెప్పు. కొత్త బండి కొత్త చెప్పు లాంటిది. నాలుగు రోజులు మెల్లగా తొక్కితే కాలికి అతుకుతుంది, పరిగెత్తితే కరుస్తుంది. మొదట్లోనే గొంతుదాకా యాక్సిలేటరు తిప్పొద్దని చెప్పు."

"పీపా అన్నా," అన్నాడు అగ్గిపెట్టె, "ఆ ముసలాడికి చెప్పు. వత్తి వెనక బుసకొడుతుంటే మెల్లగా ఎలా తొక్కాలో ఆయన్నే వచ్చి చూపించమను."

"నేను కంప్రెసరు మనిషిని నాయనా," అన్నాడు పీపా. "నాలోంచి గాలి పోతుంది గానీ మాటలు పోవు."

బండిని మాత్రం సమ్మెట పసిబిడ్డలా చూసుకున్నాడు. మొదటి నూనె తొందరగా మార్చాలని ఆయనకి తెలుసు. కొత్త పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇనప పొడి రాలుస్తాయి. గిన్నెలోకి వంపిన నూనెలో ఆ పొడి తళతళా మెరిస్తే వేలితో తీసి ఎండలో చూసుకున్నాడు. చక్రాల నట్లు మొదటి పరుగుల్లోనే వదులవుతాయని, ఎదురెదురువి జతగా చూస్తూ మళ్ళీ బిగించాడు. గాలి వడపోసే స్పాంజి ఉతికి, ఆరబెట్టి, నూనెలో తడిపి పిండి పెట్టాడు. చివరికి ఆయన కన్ను పెట్రోలు మూత మీద పడింది. మూత నడినెత్తి నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి లేచి, వంపు తిరిగి, హ్యాండిలు గొట్టంలోకి దూరుతోంది. చివర తెరిచే ఉంది.

"ఇదెవడు పెట్టాడు, దుమ్ముకి దొడ్డిదారి!" అనుకున్నాడు.

గొట్టాన్ని మూత మీదికి మడిచి, పైన దుప్పటి గుడ్డ మందంగా చుట్టి, కట్టుతీగ వేసి కటింగుప్లేయరుతో మెలి తిప్పాడు. చంటిపిల్లకి జుట్టు ముడేసినంత శ్రద్ధగా.

దగ్గరి తిరుగుళ్ళలో ఆంబోతు బంగారంలా నడిచింది. పైమెట్టు దాకా వెళ్ళి వచ్చే పొడుగు దారిలో ఒకనాడు ఉన్నట్టుండి దగ్గి, విదిలించి, ఆగిపోయింది. మందు ముట్టించే రోజు కాదు గనక అగ్గిపెట్టె బతికాడు. నలుగురు తోసుకుంటూ షెడ్డుకి తెచ్చారు. సమ్మెట పని నేర్చిన పద్ధతి ప్రకారం మొదట మొదటిదే చూశాడు: పెట్రోలుందా? తీగ విప్పాడు, మూత తీశాడు, ఉంది. మూత పెట్టి, కట్టి, బటను నొక్కాడు. ఆంబోతు పెంపుడు దూడలా లేచి నిలబడింది. షెడ్డు చుట్టూ తిప్పాడు. ఎక్కడా తేడా లేదు.

రెండోసారి ఆగింది. స్పార్కు ప్లగ్గు తీసి గీకి చూశాడు. మూడోసారికి కార్బురేటరు విప్పి, వెంట్రుక దూరేంత రంధ్రాలు కూడా ఊదాడు. ఆ తర్వాత పెట్రోలు ఫిల్టరు, బ్యాటరీ తీగలు, ఇంజను ఆపే మీట వెనకున్న వైరు. ప్రతిసారీ మొదట మూత తీసి పెట్రోలు చూడటం, ప్రతిసారీ షెడ్డులో బండి లక్షణంగా నడవడం, ప్రతిసారీ చివర్లో గుడ్డ ఇంకాస్త బిగించి కట్టడం. రోగం కొండ మీద, వైద్యం కొండ కింద. రెండూ ఒకదానికొకటి ఎదురుపడటంలేదు.

ఈలోగా మేనేజరు ఇంకో పని చేశాడు. ఆయన ఎవరి మీదా చెయ్యెత్తడు, గొంతు కూడా పెంచడు. "బండొచ్చింది కదా," అన్నాడు, "ఇంకా అంత పొడుగు వత్తి ఎందుకు? పేలేదాకా పనంతా ఆగి కూర్చుంటోంది." వత్తులు సగానికి కత్తిరించారు. ఇక కాలినడకన పరిగెత్తితే గోడ చాటు అందదు. బండి ఆగితే మనిషి ఉండడు.

క్వారీకి అర్థమైన లెక్క ఇంకొకటి. బండి కొండ మీదే ఆగుతుంది, షెడ్డులో ఆగదు. షెడ్డు ఎవరిది? సమ్మెటది. కొండ మీదికి వెళ్ళేదెవరు? రాళ్ళ కింద పూడుస్తానన్నది ఎవర్ని? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పీపా ఒక్కడే, "ఆయనకి అంత ఓపిక ఎక్కడిదిరా" అన్నాడు గానీ ఎవరూ వినలేదు.

పెద్ద పేలుడు పెట్టుకున్న రోజుకి ముందురోజు మధ్యాహ్నం, అగ్గిపెట్టె షెడ్డు తలుపు తన్నుకుని లోపలికి వచ్చాడు. చేతిలో పాత మోటారు సైకిలు గొలుసు.

"మామా! నన్ను చంపడానికి ఇంతకన్నా సుఖమైన దారి దొరకలేదా నీకు?"

"చంపాలంటే నిన్ను అడిగి ముహూర్తం పెట్టుకోవాలా? పోరా బయటికి."

గొలుసు గాలిలో ఈల వేసి సమ్మెట మెడ కింద పడింది. చొక్కాతో పాటు చర్మం చీలింది. ఆయన గొలుసు చివర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అల్లుడు వచ్చి బల్ల మీద బోర్లా పడ్డాడు. స్క్రూలు, నట్లు నేల మీద చెల్లాచెదరయ్యాయి. ముక్కు బల్లకేసి రెండుసార్లు మోగింది. వాడు వెనక్కి తన్నాడు, కొరికాడు, చేతికందిన స్పానరుతో మోకాలి చిప్ప మీద కొట్టాడు. సమ్మెట కుంటుతూనే వాడి కుడిచేతిని లాగి, బల్లకి బిగించిన పట్టు మర దవడల మధ్య వేళ్ళు పెట్టి, పిడి ఒక చుట్టు తిప్పాడు. కేక కాటా దాకా వినిపించింది.

ఇంకో చుట్టుకి చెయ్యి వేస్తుండగా ఇద్దరి నెత్తినా బకెట్టెడు మడ్డినూనె పడింది.

కూతురు బకెట్టు పక్కన పడేసి, పిడిని తనే వెనక్కి తిప్పి మొగుడి వేళ్ళు విడిపించింది. ఊడిపోయిన గోరు దవడకే అంటుకుని ఉంది.

"చూశావా," అన్నాడు అగ్గిపెట్టె ఏడుపు, నవ్వు కలిసిన గొంతుతో, "చూశావా నీ బాబు..."

"నువ్వు నోర్ముయ్యి. నీ సంగతి నాకొకరు చూపించక్కర్లేదు." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వు ఆయన పన్ను రాలగొట్టావు. ఇంటికొచ్చి ఆ పన్ను లెక్క నా దగ్గర తీర్చుకున్నాడు. నువ్వు పక్కటెముక విరగ్గొట్టావు. దానికీ నేనే కట్టాను. నువ్వు వేసిన ప్రతి దెబ్బా తిరిగి తిరిగి నా మీదే దిగింది. ఎవరికోసం కొట్టావు నువ్వు?"

సమ్మెట గడ్డం మీంచి నూనె కారుతోంది. తుడుచుకోలేదు.

"రేపు ఆ బండి కొండ మీద ఆగిందనుకో," అంది ఆమె. "ఈయన పోతే నాకు ఏడుపొస్తుందో రాదో నాకే తెలీదు. కానీ నీ చేతిలో పోయాడని క్వారీ మొత్తం అంటుంది. అప్పుడు నీ గడపలో నేనుండను. నాకున్నది ఈ ఒక్క గడపే. బండి బాగుచెయ్యి. అదొక్కటీ చెయ్యి."

ఆ సాయంత్రం ఆయన బండిని మళ్ళీ మొత్తం విప్పాడు. విప్పడానికి ముందు, ఎప్పటిలాగే, మూత తీసి పెట్రోలు చూశాడు. పని అయ్యాక, ఎప్పటిలాగే, గుడ్డ కట్టాడు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఈ ఒక్కసారికి పాత పొడుగు వత్తి ఇవ్వండి సార్. బండి మీద నాకింకా నమ్మకం కుదరలేదు."

"లారీలు వరసలో ఉన్నాయి మేస్త్రీ. నడుస్తోందా లేదా?"

"ఇక్కడ నడుస్తోంది సార్."

"మరింకేం? అంత భయమైతే నువ్వే వెనకాల కూర్చుని వెళ్ళు."

ఆయన వెటకారంగా అన్నాడు. సమ్మెట అది నిజమనుకున్నాడో, నిజం చెయ్యాలనుకున్నాడో, తిన్నగా వచ్చి ఆంబోతు సీటు మీద వెనక పక్క ఎక్కి కూర్చున్నాడు.

అగ్గిపెట్టె ముక్కు వాచి ఉంది. కుడిచేతి వేళ్ళకి గుడ్డ కట్టి ఉంది. "ఏం మామా, నా చావు దగ్గరుండి చూస్తావా?"

"ఇంజను దగ్గరుండి వినాలి. నోరు మూసుకుని తొక్కు."

కింద సైరన్ మోగింది. మనుషులు గోడ చాటుకి చేరారు. కాటా గది కిటికీలో కూతురు నిలబడి, మీట మీద చెయ్యి వేసి, చూస్తూ ఉంది.

ఎక్కేటప్పుడు బండి ఏ రాగమూ తప్పలేదు. సమ్మెట కుడి చెవి ముందుకి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. పైమెట్టు మీద ఇంజను ఆపకుండా దిగారు. అగ్గిపెట్టె కుడిచేత్తో వత్తి పట్టుకోలేకపోయాడు. ఎడంచేత్తో ముట్టించబోతే మొదటి పుల్ల ఆరింది, రెండోది ఆరింది. పనిలో పండినవాడు కదా అని చూస్తూ నిలబడ్డ సమ్మెటకి, ఆ వేళ్ళకి చుట్టిన గుడ్డ మీద నెత్తురు మరక కనిపించింది. దగ్గరికి వెళ్ళి, గాలికి తన చేతులు అడ్డంపెట్టాడు. ఒకటి, పక్కది, ఆ పక్కది బుసకొడుతూ అంటుకున్నాయి.

"పద!"

దిగుడు మొదలయ్యాక మొదటి మలుపు దాటారు. అప్పుడు విన్నాడు సమ్మెట. ఇంజను గొంతు పలచబడింది. దాహంతో నాలిక పిడచకట్టినవాడు పిలిచినట్టు రెండు పొడి దగ్గులు. ఆగిపోయింది.

అగ్గిపెట్టె బటను నొక్కాడు. మోటారు తిరిగింది, ఇంజను అందుకోలేదు. మళ్ళీ నొక్కాడు. వెనక కొండ మీద పొగ సన్నగా లేస్తోంది. పరిగెత్తడానికి దారి లేదు. ఒక పక్క లోయ, ముందు కంకర, గోడ ఎక్కడో కింద.

"చంపావు కదరా ముసలోడా! నువ్వూ చస్తావురా!"

వాడు సీటు మీదే వెనక్కి తిరిగి ఎడంచేత్తో గొంతు పట్టుకున్నాడు. సమ్మెట పిడికిలి లేచింది. లేచిన పిడికిలికి కూతురి మాట అడ్డమొచ్చిందో, మడ్డినూనె వాసన అడ్డమొచ్చిందో, అది దిగలేదు. ఆ క్షణంలో అగ్గిపెట్టె ఆయన జుట్టు దొరకబుచ్చుకుని, తల తన పక్కనుంచి ముందుకి గుంజి, పెట్రోలు ట్యాంకు మీద దబదబా కొట్టాడు. కట్టుతీగ మెలిక కొస నుదుటిలో దిగింది. కళ్ళలోకి నెత్తురు. ఇంకోసారి. కిందికి పడిపోకుండా సమ్మెట చేతికి దొరికినది పట్టుకున్నాడు. దొరికింది గుడ్డ. తీగ అరచెయ్యి కోసుకుంటూ ఊడింది, గుడ్డ ఊడి వచ్చింది. అల్లుడి మోచెయ్యి బరువుకి కుడి చెవి ట్యాంకు మీద అదిమి ఉంది.

వినపడింది.

మడత విడిన గొట్టం నిటారుగా లేచింది. అందులోంచి లోపలికి ఒక పీల్పు. స్స్స్ అంటూ, నీళ్ళలో మునిగి పైకి తేలినవాడు తీసుకొనే మొదటి ఊపిరిలా, పొడుగ్గా. గాలి అందక ట్యాంకు లోపల బిగబట్టుకుని కూర్చుంది. పెట్రోలు కిందికి జారితే ఆ ఖాళీలోకి గాలి రావాలి. గాలి రాకపోతే పెట్రోలు దిగదు. పాత మిషన్లు వదులువి, గుడ్డ కట్టినా ఏ సందులోంచో పీల్చుకొనేవి. ఇది కొత్తది, బిగువైనది. దీనికి ఉన్న ఒక్క ముక్కునీ తనే మడిచి, తనే చుట్టి, తనే తీగ బిగించాడు. షెడ్డులో మూత తీసిన ప్రతిసారీ దానికి ఊపిరి పోసి, మళ్ళీ ముక్కు మూసి కొండకి పంపాడు.

"వదలరా! పీలుస్తోంది! దొరికింది, నొక్కు! నొక్కరా నీ అబ్బ, నొక్కు!"

ఆ గొంతులో ఏముందో, అగ్గిపెట్టె వదిలేసి బటను నొక్కాడు. తిరిగింది, తిరిగింది, దగ్గింది, అందుకుంది. ఆంబోతు రంకె వేసి ముందుకి దూకింది. రెండో మలుపు తిరుగుతుండగా వెనక కొండ లేచింది.

మొదట చప్పుడు లేదు, నేల ఒక్కసారి ఎగిరి తన్నింది. తర్వాత చప్పుడు. ఆ తర్వాత ఆకాశంలోంచి రాళ్ళు. పిడికెడువి, తలకాయంతవి, దారి మీద పడి పగిలి మళ్ళీ లేస్తున్నాయి. వెనక కూర్చున్న సమ్మెట వీపు కొండ వైపు ఉంది. ఆయన అల్లుడి తల మీదికి వంగి రెండు చేతులూ కప్పాడు. కుడిభుజం మీద ఒకటి పడింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు ఆయన చెవికే వినిపించింది. బండి వెళ్ళి గోడ చాటున ఇసుక కుప్పలోకి దూసుకుపోయి ఆగింది.

పీపా అందరికన్నా ముందు చేరాడు. నెత్తురోడుతున్న ఇద్దర్నీ చూసి, అంత భయంలోనూ, "ఇందులో రాళ్ళు కొట్టినవెన్ని, మీరు కొట్టుకున్నవెన్ని?" అన్నాడు.

సమ్మెట ఎడంచెయ్యి ఇంకా గుడ్డని పట్టుకునే ఉంది. దాన్ని అందరికీ చూపించాడు. "ఇదిరా రోగం. నేనే కట్టాను. బుద్ధి లేక కట్టాను."

నమ్మినవాళ్ళు కొందరు. చంపబోయి చివర్లో మనసు మార్చుకున్నాడన్నవాళ్ళు కొందరు. అగ్గిపెట్టె మాత్రం నోట్లోంచి నెత్తురు ఉమ్మి, "ఈయన చంపాలనుకుంటే చేతుల్తో చంపుతాడు. గుడ్డతో చంపే తెలివి ఈయనకెక్కడిది" అన్నాడు. అది తిట్టో, సాక్ష్యమో ఎవరికీ తేలలేదు గానీ, ఆ మాటతో పుకారు చచ్చింది. వత్తులు మళ్ళీ పొడుగయ్యాయి. మేనేజరు మంచివాడై కాదు. వత్తి కత్తిరించే కత్తెరని, కత్తిరించినవాడి చొక్కా పట్టుకుని మరీ, అగ్గిపెట్టె లోయలోకి విసిరించాడు.

భుజం ఎముక అతుక్కుంది కానీ చెయ్యి నడుము దాటి లేవదు. వేళ్ళు పిడికిలి పట్టవు. షెడ్డులో బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని సమ్మెట చెబుతుంటే, కాటా తెరవకముందు కూతురు పని చేసేది. క్వారీలో ఉన్న ప్రతి ట్యాంకు మూత గుడ్డా ఆయన ముందు విప్పించాడు. ఆంబోతు గొట్టం చివర పల్చటి జాలీ తొడిగించాడు, దుమ్ము ఆగేట్టు, ఊపిరి ఆగకుండా. ఆమె చేతులు తల్లివి, చిన్నవి. నట్టు బిగిస్తే మాత్రం తండ్రి విప్పాలన్నా కష్టమే.

ఒక పొద్దున బండి కోసం అగ్గిపెట్టె వచ్చాడు. ఆమె చక్రాల నట్లు చూస్తోంది. వాడు దగ్గరికొచ్చి, "ఎన్నాళ్ళిలా? ఇంటికి పద" అన్నాడు.

"రాను."

"నీ బాబు నా ప్రాణం కాపాడాడు. అయిపోయింది, సరికి సరి. పద."

"ఆయన కాపాడితే ఆయన్ని తీసుకెళ్ళు."

వాడి మొహం మండింది. ఒంగి ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. డ్రమ్ము మీంచి సమ్మెట లేచాడు. ఏళ్ళ అలవాటుతో కుడిచెయ్యి భుజం దగ్గర బయల్దేరి, నడుము దగ్గరే ఆగిపోయింది. ఆయన దాన్ని చూసుకున్నాడు.

ఆ పని ఆయన దాకా రాలేదు. కూతురు రెండో చేతిలో ఉన్న చక్రాల స్పానరు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి దించింది. మొగుడి వేళ్ళకి వెంట్రుకవాసిలో, ముందు క్యారియరు కమ్మీ మీద. షెడ్డు రేకులు గల్లుమన్నాయి. కమ్మీ లోపలికి వంగిపోయింది. అగ్గిపెట్టె చెయ్యి తనంతట తనే వదిలేసింది.

"వచ్చేసారి కమ్మీ మీద పడదు," అంది ఆమె, ఊపిరి కూడా ఎగరకుండా. "నట్లు బిగించాను. పెట్రోలు నిండుగా ఉంది. బండి తీసుకుపో."

వాడు తీసుకుపోయాడు. వాడి వేళ్ళు అంతకుముందు ఒకసారి పట్టు మరలో పడ్డాయి. ఆ చప్పుడు వాడి ఎముకలకి తెలుసు.

గుమ్మంలో పీపా నిలబడి ఉన్నాడు. "మేస్త్రీ, మిషన్ని కొట్టకూడదంటావుగా ఎప్పుడూ?"

"కొట్టకూడదు," అన్నాడు సమ్మెట.

ఆ సాయంత్రం బండి తిరిగొచ్చింది. నూనె చూపించాడు, గొలుసు బిగువు చూపించాడు, జాలీ దులిపించాడు. వంగిన కమ్మీని వేడిచేసి తిన్నగా లాగడం ఆయనకి ఎడంచేత్తోనైనా చిటికెలో పని. రోజూ దాని మీద చెయ్యి వేసి, ఆ వంపుని బొటనవేలితో తడిమి చూసేవాడు. బాగుచెయ్యమని మేనేజరు రెండుసార్లు చెప్పాడు కూడా. చెయ్యలేదు.